ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు నైట్రేట్ తయారుచేస్తోందా? పరీక్షించే పద్ధతి

నైట్రిఫికేషన్ అంటే బ్యాక్టీరియానే గుర్తొస్తుంది కానీ, ఈ బూజు కూడా నత్రజని సమ్మేళనాలను ఆక్సీకరించి నైట్రేట్ చేస్తుంది. ఈ బూజు తయారుచేసే విషం అఫ్లాటాక్సిన్‌తో ప్రమాదం ఉంది కాబట్టి స్పోర్లు (బూజు విత్తనాల్లాంటి కణాలు) తీసే పని సేఫ్టీ క్యాబినెట్‌లోనే చేయాలి.

250 మి.లీ. ఫ్లాస్కులో లీటరుకు 10 గ్రాముల పెప్టోన్ (కొంతవరకు జీర్ణం చేసిన ప్రొటీన్) కలిపిన మీడియం 50 మి.లీ. పోసి, పీహెచ్ 7కు సరిచేసి, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిమిరహితం) చేయండి. స్పోర్లు వేసి 28–30 డిగ్రీల్లో షేకర్ మీద పెట్టండి. గ్లూకోజు, అమ్మోనియం సల్ఫేట్ కలిపి వాడకండి: అమ్మోనియంను తింటూ బూజు ఆమ్లం వదులుతుంది, పీహెచ్ పడిపోయి నైట్రిఫికేషన్ ఆగుతుంది.

నైట్రేట్ సాధారణంగా పెరుగుదల మందగించాకే కనిపిస్తుంది. మూడో రోజు నుంచి పదో రోజు దాకా నమూనాలు తీయండి. వడకట్టిన ద్రవంలో గ్రీస్ (Griess) రీఏజెంట్ అనే, నైట్రైట్‌ను పట్టించే రసాయనం వేస్తే గులాబీ రంగు నైట్రైట్‌కు గుర్తు. రంగు రాకపోతే చిటికెడులో సగం జింక్ పొడి వేయండి; అప్పుడు వచ్చే గులాబీ నైట్రేట్‌ది. జింక్ ఎక్కువైతే నైట్రైట్ కూడా అమ్మోనియా దాకా క్షయకరించి రంగే రాదు, ఉన్న నైట్రేట్‌ను లేదనుకుంటాం.

బూజు వేయని ఫ్లాస్కు, పది నిమిషాలు మరిగించిన బూజు వేసిన ఫ్లాస్కు తప్పనిసరి. పెప్టోన్‌లోనే కొంత నైట్రేట్ ఉండొచ్చు. మరిగించినదాంట్లోనూ నైట్రేట్ పెరిగితే అది ఎంజైము పని కాదు.