హైదరాబాద్ జూపార్కు: పొద్దున పులులు, మధ్యాహ్నం పునుగు పిల్లులు

బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కు విస్తీర్ణం 380 ఎకరాలు. ఒక్క పూటలో అంతా చుట్టేద్దామని బయల్దేరితే సగానికే పిల్లలు డీలా పడిపోతారు. అందుకే ఏది ఏ వేళకు చూడాలో ముందే అనుకుని వెళ్లాలి.

సోమవారం సెలవు. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు, రంజాన్ పండగ రోజుల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు. ఉదయం 8:30కల్లా గేటు దగ్గరుండండి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు వద్దు; మనిషికో లీటరు నీళ్లు స్టీలు సీసాలో పట్టుకోండి.

లోపలికి వెళ్లగానే సఫారీ టికెట్ సంగతి చూసుకోండి. పొద్దెక్కేకొద్దీ లైను పెరుగుతుంది. పులులు, సింహాలు, ఎలుగుబంట్లను 10:30 లోపే చూసేయాలి. ఎండ ముదిరితే అవి నీడకు చేరి పడుకుంటాయి. చాలా జంతువులకూ మనకూ మధ్య ఊచలు కాదు, కందకం ఉంటుంది. కాబట్టి అవి కాస్త దూరంగానే కనిపిస్తాయి; చిన్న బైనాక్యులర్ ఉంటే పిల్లలకు పండగే.

పెద్దవాళ్లుంటే బ్యాటరీ బండి ఎక్కించండి. మధ్యలో దిగి మళ్లీ ఎక్కనిస్తారా అన్నది టికెట్ కొనేటప్పుడే అడగండి. టాయ్ ట్రైను పిల్లల సరదాకే, జంతువులను చూడటానికి కాదు.

జింకలకు పల్లీలు, బిస్కెట్లు వేయొద్దు. ఉప్పు రుచికి కవరు కూడా మింగేస్తాయి. అది పొట్టలో అడ్డుపడితే మేత అరగదు, ప్రాణమే పోతుంది. పిల్లలకు ఈ మాట గేటు దగ్గరే చెప్పండి.

పన్నెండు దాటాక, ఎండ మండే వేళ నిశాచర జంతుశాలకు వెళ్లండి. అక్కడ రాత్రంతా లైట్లు వేసి, పగలు చీకటి చేస్తారు. అందుకే పునుగు పిల్లుల్లాంటి రాత్రి తిరిగే జంతువులు మనం వెళ్లే వేళకు మెలకువగా ఉంటాయి. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే ఏమీ కనిపించదు. చాలామంది "ఖాళీగా ఉంది" అనుకుని రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. తొందరపడకండి. ఫోను జేబులో పెట్టేసి, జంతువుండే ఒక గాజు గది ముందు ఐదారు నిమిషాలు కదలకుండా నిలబడండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక కొమ్మ మీద మెల్లగా పాకే దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్; పేరుకే పిల్లి), దాని గుండ్రటి పెద్ద కళ్లు కనిపిస్తాయి.