ప్రభువు మాట్లాడాడు అనిపించినప్పుడు వాక్యంతో ఎలా సరిచూసుకోవాలి

ఉపవాస ప్రార్థనలో ఉండగా మనసులో ఒక మాట గట్టిగా వినిపిస్తుంది, లేదా తెల్లవారుజామున ఒక కల వస్తుంది. కొందరేమో అదంతా ఎమోషన్ బ్రదర్ అని కొట్టిపారేస్తారు, ఇంకొందరు ప్రభువే చెప్పాక ఇంక బైబిల్లో చూసేదేముంది అంటారు. రెండూ తప్పే. పౌలు థెస్సలొనీకయులకు ఆత్మను ఆర్పకుడి అని రాసిన చోటే, రెండు వచనాలు దాటగానే సమస్తమును పరీక్షించండి అని కూడా రాశాడు.

ముందు జరిగింది జరిగినట్టు నోట్‌బుక్‌లో రాసుకోండి. "నాన్న గేటుకి తాళం వేస్తున్నాడు" ఇది కల. "ఉద్యోగం మానేయమని ప్రభువు చెప్పాడు" ఇది మీరు తీసుకున్న అర్థం. విడివిడిగా రాయండి, నలుగురికి చెప్పేసరికి రెండూ కలిసిపోయి ఏది చూశారో ఏది అనుకున్నారో మీకే తెలియకుండా పోతుంది.

తర్వాత వాక్యం, అదీ గుర్తొచ్చిన ఒక్క వచనం కాదు, అధ్యాయం మొత్తం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికి ఒక వచనం రాసి ఇచ్చే చీటీ) తీస్తే, మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయి అని దేవుడు చెప్పే యిర్మియా 29:11 వచ్చిందనుకోండి, ఈ ఏడాదే వీసా వచ్చేస్తుంది అని సంతోషపడతాం. కానీ పై వచనం చూడండి, బబులోనులో 70 ఏళ్లు గడిచాక అని ఉంది. అది బబులోనుకి చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మియా ప్రవక్త రాసిన ఉత్తరం, 5వ వచనంలో అక్కడే ఇళ్లు కట్టుకోండి తోటలు నాటుకోండి అన్నాడు, 8వ వచనంలో కలలు కనేవాళ్ల మాట వినొద్దు అన్నాడు. ఇలా చదివితే వాగ్దానం చిన్నదైపోదు, ఎంత ఆలస్యమైనా వదిలిపెట్టని దేవుడు కనిపిస్తాడు, నాకైతే వీసా కన్నా అదే పెద్ద ఆదరణ.

అనుభవాన్ని, వాక్యాన్ని ఎలా కలపాలో చూడాలంటే అపొస్తలుల కార్యములు 15 చదవండి. రోమా శతాధిపతి కొర్నేలి ఇంట్లో అన్యజనుల, అంటే యూదులు కానివాళ్ల మీదికి పరిశుద్ధాత్మ దిగడం పేతురు కళ్లారా చూశాడు, యెరూషలేములో అదే చెప్పాడు, బర్నబా పౌలు కూడా తాము చూసిన అద్భుతాలు చెప్పారు, అందరూ ఊరకుండి విన్నారు. అప్పుడు యెరూషలేము సంఘ పెద్ద యాకోబు, అన్యజనులు కూడా ప్రభువును వెదకుతారనే పాత నిబంధన ప్రవక్త ఆమోసు ప్రవచనం ఎత్తి, ప్రవక్తల మాటలు దీనికి సరిపోతున్నాయి అన్నాడు. ఆ తర్వాతే అన్యజనుల మీద సున్నతి భారం పెట్టొద్దని సంఘమంతా కలిసి నిర్ణయం తీసుకుంది. ఆమోసు మాట ముందునుంచీ ఉన్నదే, పేతురు సాక్ష్యం వల్ల దాని అర్థం తెరుచుకుంది.

కాబట్టి మీరు కూడా ఒక్కరే తేల్చుకోవద్దు, మీకు కాదని చెప్పగలిగే పెద్దవాళ్లకి చెప్పండి. పొగిడేవాళ్లతో లాభం లేదు.

కొన్నిటి దగ్గర వెంటనే ఆగిపోవాలి. నిన్నే పెళ్లి చేసుకోమని ప్రభువు చెప్పాడు అని ఒత్తిడి చేస్తే, ప్రవచనం చెప్పి డబ్బు అడిగితే, షుగర్ మాత్రలు మానేయమంటే. మాత్రలు మానకండి, స్వస్థత నిజమైతే టెస్ట్ రిపోర్టులో కూడా కనిపిస్తుంది, డాక్టర్ గారే తగ్గిస్తారు. చెప్పింది జరిగింది కదా అంటారా, ద్వితీయోపదేశకాండము 13 ప్రకారం సూచన నెరవేరినా సరే, అది దేవుని నుంచి పక్కకి లాగితే వినకూడదు.

హైదరాబాద్‌లో ఉండాలా బెంగళూరు వెళ్లాలా లాంటివి బైబిల్లో నేరుగా దొరకవు. అలాంటప్పుడు ఇంట్లో "ప్రభువు చెప్పాడు" అనకుండా "ప్రార్థన చేశాక నాకిలా అనిపిస్తోంది, మీరేమంటారు" అని అడగండి, అప్పుడు అమ్మకైనా భార్యకైనా తమ మనసులో మాట చెప్పడానికి చోటుంటుంది.