విపత్తు పాఠం వాళ్ల ఇంట్లోనే చెప్పాలి

విపత్తు వస్తే ఏం చేయాలో చెప్పడానికి సభ పెడితే నడవగలిగినవాళ్లే వస్తారు. ఆ మాటలు నిజంగా చేరాల్సిన పెద్దవయసువారు, వికలాంగులు, జబ్బుపడ్డవారు మంచం మీదో, చక్రాల కుర్చీలోనో ఇంట్లోనే ఉండిపోతారు. కాబట్టి మనమే వెళ్లాలి. గంట చొప్పున, వారం తేడాతో రెండుసార్లు వెళ్లండి. అంతా ఒకేరోజు చెబితే ఏదీ గుర్తుండదు.

మొదటిసారి చెప్పడం తగ్గించి అడగండి. రాత్రి కరెంటు పోతే ఇంట్లో ఏది ఆగిపోతుంది? కళ్లజోడు ఎక్కడ పెడతారు? ఏ మందు ఒక్కరోజు తప్పినా ప్రమాదం? గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం, ఆక్సిజన్ కాన్సంట్రేటర్, కరెంటుతోనే నడుస్తుంది. అది వాడేవారింట్లో నిండు సిలిండర్ ఉందో లేదో చూసి, ఎన్ని గంటలొస్తుందో సరఫరా చేసేవారిని అడిగి దానిమీదే రాసిపెట్టండి. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే ఇన్సులిన్‌ను ఐసుతో చల్లగా ఉంచాలి, కానీ అది ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు. ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ ఎలా చుట్టాలో చేసి చూపించండి.

ఇల్లు వదలాల్సివస్తే పట్టుకెళ్లే సంచి వాళ్ల చేతులతోనే సర్దించాలి. మనం సర్దిపెడితే ఏ అరలో ఏముందో చీకట్లో వాళ్లకు దొరకదు. వారానికి సరిపడా మందులు, మందుల చీటీ నకలు, టార్చి, వినికిడి యంత్రం బ్యాటరీలు, తడవని కవరులో గుర్తింపు పత్రాలు ఉంచాలి. నీళ్లు మనిషికి రోజుకు సుమారు 4 లీటర్లు, 3 రోజులకు 12. అంటే 12 కిలోలు, పెద్దవయసువారు ఎత్తే బరువు కాదు. లీటరు సీసాల్లో పోసి ఇంట్లో ఉంచి, సంచిలో ఒకటి రెండే పెట్టండి.

సాయానికి ఒక్కరిని నమ్ముకుంటే చాలదు, అవసరమైన రోజున ఊళ్లో ఉండకపోవచ్చు. ముగ్గురిని అనుకోండి, ఒకరికి తాళంచెవి ఇప్పించండి. వాళ్ల నంబర్లు పెద్ద అక్షరాలతో కాగితంమీద ఉండాలి, ఫోను చార్జింగు అయిపోతుంది మరి.

రెండోసారి అంతా సాధనే. భూమి కంపిస్తే చక్రాల కుర్చీలో ఉన్నవారు బ్రేకులు వేసి, ముందుకు వంగి, తలా మెడా చేతులతో కప్పుకోవాలి. చూపులేనివారిని చెయ్యి పట్టి లాగొద్దు. మన మోచేయి అందిస్తే వాళ్లే పట్టుకుని అరడుగు వెనకగా నడుస్తారు. వినపడనివారిని టార్చి వెలిగించి ఆర్పుతూ పిలవండి. మతిమరుపు జబ్బున్నవారికి ఒకసారికి ఒకే మాట: "లేవండి". లేచాకే "చెప్పులు వేసుకోండి".

మంచం నుంచి వీధి గుమ్మం దాకా నడిపించి గడియారం చూడండి. ఎక్కువసేపు పడితే వాళ్లు అందరితోపాటు కాదు, అందరికన్నా ముందు బయల్దేరాలి. ఈ మాట వాళ్లకూ, సాయం వచ్చేవారికీ గట్టిగా చెప్పండి.

"అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు, ఎవరైనా తలూపుతారు. "హెచ్చరిక వచ్చింది, మొదట ఏం చేస్తారో చేసి చూపించండి" అనండి. తడబడితే మనం చెప్పిన తీరు కుదరలేదని అర్థం, మాట మార్చి మళ్లీ చెప్పండి. శిథిలాల ఫొటోలతో భయపెట్టొద్దు. బెదిరిన మనిషి పాఠం వినడు.

ఆరు నెలలకోసారి మళ్లీ వెళ్లండి. మందులు మారి ఉంటాయి, బ్యాటరీలు కారి ఉంటాయి, తాళంచెవి తీసుకున్నాయన ఇల్లు మారిపోయి ఉంటాడు.