పాత అమెరికన్ హాబీ పత్రికల ప్రయోగాలు మొదలుపెట్టే ముందు

ఎండాకాలం సెలవుల్లో పాత పాపులర్ మెకానిక్స్, పాపులర్ ఎలక్ట్రానిక్స్ స్కాన్లు తిరగేసి ఏదో ఒకటి చేద్దామనుకునే పిల్లలు, పెద్దలు చాలామందే ఉంటారు. తప్పకుండా చేయండి, అవి అంత ఓపిగ్గా నేర్పిన పత్రికలు. కానీ సామాన్లు కొనే ముందు కరెంటు సంగతి చూసుకోండి. ఆ లెక్కలు అమెరికా వాళ్ల 120 వోల్టులకి వేసినవి, మన ప్లగ్గులో వచ్చేది 230. అదే నిక్రోమ్ తీగ (హీటర్లలో వేడెక్కే తీగ) ఇక్కడ తగిలిస్తే వేడి రెట్టింపుతో ఆగదు, మూడున్నర రెట్లు దాటుతుంది, ఎందుకంటే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నాం కదా అని ధీమా వద్దు, అది ఒకే చుట్టతో పనిచేసే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ అయితే వోల్టేజీ తగ్గుతుంది గానీ మెయిన్స్‌తో (గోడ ప్లగ్గు కరెంటుతో) లింకు తెగదు. ట్రాన్స్‌ఫార్మర్ లేని పాత వాల్వు రేడియోల్లో మెయిన్స్ వైరు ఒకటి నేరుగా ఛాసిస్‌కే (భాగాలు బిగించిన లోహపు రేకుకే) కలిపి ఉండొచ్చు, ప్లగ్గు తిరగేసి పెడితే ఆ రేకు మొత్తం ఫేజే, అంటే ముట్టుకుంటే షాకే. మెయిన్స్‌తో ఆ లింకు తెంచే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాటి జోలికి పోవద్దు.

కరెంటు చార్జిని దాచుకునే కెపాసిటర్ల విషయంలో తొందర అసలు పనికిరాదు. 400 వోల్టుల దగ్గర 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అంటే 8 జౌల్‌ల శక్తి, ప్లగ్గు పీకినా అది లోపలే ఉంటుంది. దాని రెండు కాళ్లకి స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్‌మనిపించడం మానేయండి. 10 కిలో ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో తగిలించి పది సెకన్లు ఉంచండి, మీటరు పెట్టి చూడండి, కాసేపాగి మళ్లీ చూడండి. ఎందుకంటే కొన్ని కెపాసిటర్లలో ఖాళీ అయ్యాక కూడా వోల్టేజీ మెల్లగా తిరిగొస్తుంది. చూసేటప్పుడు రెండో చెయ్యి వెనక్కి పెట్టుకోండి.

కార్బన్ టెట్రాక్లోరైడ్‌తో తుడవమన్నా, ఆస్బెస్టాస్ షీటు కోయమన్నా, పాదరసం చేత్తో పట్టుకోమన్నా ఆ పేజీ చదివి వదిలేయండి. మొదటిది కాలేయాన్ని, కిడ్నీలని పాడుచేస్తుంది, మిగతా రెండిటి హాని తెలిసిందే. సైంటిఫిక్ అమెరికన్‌లో 1956లో ఇంట్లో ఎక్స్‌రే తయారీ కూడా వేశారు. అది ఎంత ఆసక్తిగా ఉన్నా చేయకూడదు, మన దగ్గర దానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి.

టెలిస్కోపు అద్దానికి వెండి పూత వేసేవాళ్లకి ఒక మాట. సిల్వర్ నైట్రేట్, అమ్మోనియా కలిపిన ద్రావణం రేపటికి దాచొద్దు, నిలవుంటే పేలే పదార్థం తయారవుతుంది. పని అవగానే, గాలి ఆడే చోట, బాగా పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పోస్తే తెల్లటి సిల్వర్ క్లోరైడ్ అడుగున చేరుతుంది. కళ్లద్దాలు, గ్లవ్స్ అప్పటిదాకా తీయకండి.