శాకాహారం, రకాలు – 3వ పాఠం: భోజనానికి పిలిచే ముందు ఏం అడగాలి?

పోయిన పాఠం హోంవర్కు చేశారా? వంటింట్లో ఉన్న ప్యాకెట్లు తిప్పి గుర్తులు చూడమన్నాను. పచ్చ గడిలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు గడిలో త్రికోణం ఉంటే మాంసాహారం. గుడ్డు వేసిన కేకుదీ గోధుమరంగే. పాలు, నెయ్యి, తేనె మాత్రం పచ్చ చుక్కలోనే ఇమిడిపోతాయి. చిక్కంతా అక్కడే ఉంది.

పోయినేడు కాచిగూడలో మా ఇంటికి మావారి ఫ్రెండ్ భోజనానికి వచ్చాడు. 'వెజ్' అని ముందే చెప్పాడు కాబట్టి నాకే టెన్షనూ లేదు. బగారా బైంగన్, పప్పుచారు, చివర్లో ఖుబానీ కా మీఠా చేశాను. పప్పుచారు గిన్నె దగ్గరికి జరిపితే అతను పైన తేలుతున్న నెయ్యిని చూసి, "పాలు, నెయ్యి కూడా మానేశాను వదినా" అన్నాడు మొహమాటంగా. మీఠా మీద అప్పటికే మీగడ పోసేశాను! అది కప్పులో విడిగా పెట్టుంటే సరిపోయేది. నానబెట్టి ఉడికించిన ఎండు ఆప్రికాట్లు, చక్కెర, అంతేగా అందులో ఉండేది. బగారా బైంగన్ ఒక్కటే నా పరువు నిలిపింది. పల్లీలు, నువ్వులు, కొబ్బరి, చింతపండు, నూనె. పాలచుక్క లేదు.

ఇలా పాలు, తేనె సహా జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టనివాళ్లు వీగన్లు. ఆ మాట 1944లో ఇంగ్లండ్‌లో పుట్టింది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది పాలు తాగి గుడ్డు మానే రకం, లాక్టో వెజిటేరియన్. గుడ్డు కూడా తింటే ఎగ్గిటేరియన్. చేపలు తింటూ 'నేను వెజ్జే' అనేవాళ్లను నేనైతే ఈ లెక్కలో వేయను.

ఇప్పుడు అదే బగారా బైంగన్ మా కింది పోర్షన్ జైన్ ఆంటీకి పెట్టామనుకోండి. ఆవిడకు నెయ్యితో పేచీ లేదు, ఉల్లి, అల్లం, వెల్లుల్లి పడిన ఆ కూరతోనే ఉంది. ఉల్లి, వెల్లుల్లి, పచ్చి అల్లం, ఆలుగడ్డ, క్యారెట్ లాంటి దుంపలు, వేళ్లు ముట్టరు. శొంఠి అయితే వాడతారు. గింజలెక్కువని వంకాయ కూడా మానేసే జైనులున్నారు. పైగా నియమం గట్టిగా పాటించేవాళ్లు పొద్దుగూకాక తినరు. రాత్రి ఎనిమిదింటికి డిన్నర్ పెట్టి ఎంత మర్యాద చేసినా ఏం లాభం?

కాబట్టి 'మీరు వెజ్జా?' అని అడక్కండి. 'పాలు, నెయ్యి పర్వాలేదా? గుడ్డు? ఉల్లి, వెల్లుల్లి?' అని ఫోన్‌లోనే అడిగేయండి. అర నిమిషం పని.

ఈ వారం హోంవర్కు మీ ఇంటి పప్పుచారే. కందిపప్పు, చింతపండు, ములక్కాడ, ఉల్లిపాయ, వెల్లుల్లి వేసి నెయ్యితో పెట్టిన తాలింపు. వీగన్ అతిథికి ఇందులో ఏది మార్చాలి, జైన్ ఆంటీకి ఏవి తీసేయాలి? రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం జవాబులతో మొదలుపెట్టి, పాలు మానేసినవాళ్ల బి12 విటమిన్ సంగతి చూద్దాం.