బ్యాటరీ డ్రిల్లు, మూడో పాఠం: ఆ టకటక ఏమిటి?

ఈ పాఠంలో తలుపు బందులు బిగిద్దామనుకున్నాను. మీ మెసేజీలు చూశాక అది వచ్చే పాఠానికి వాయిదా వేశాను. ఎక్కువమంది అడిగింది ఒకటే: "స్క్రూ దిగుతుంటే మిషను టకటకమంటోంది, పాడైందా?" కొందరైతే అడగను కూడా అడగలేదు. చప్పుడు ఆగాలని చక్ (ముందు బిట్టును, అంటే తిరిగే మొనను, పట్టుకునే భాగం) వెనకాల రింగును డ్రిల్లు బొమ్మ మీదికి తిప్పేశారు. చప్పుడైతే ఆగింది. ఒకరికి స్క్రూ తల అరిగి నున్నగా అయింది, ఒకరికి ప్లైవుడ్ అంచు చీలింది, ఇంకొకరికి గోడలో ప్లాస్టిక్ గిట్టీ స్క్రూతో పాటే గిరగిరా తిరిగింది.

తప్పు నాది కూడా ఉంది. రింగు సంగతి అందరికీ తెలిసిందేలే అని ఒక్క ముక్కలో దాటేశాను.

మిషను పాడవలేదు. రింగు మీద 1 నుంచి 20 దాకానో అటూఇటూగానో అంకెలుంటాయి, చివర డ్రిల్లు బొమ్మ. అంకె పెంచినకొద్దీ లోపలి స్ప్రింగు బిగుస్తుంది. స్క్రూ ఎదురుబలం ఆ స్ప్రింగు పట్టును మించగానే క్లచ్, అంటే మోటారు తిప్పుడును బిట్టుకు అందించే భాగం, జారుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, బిట్టు ఆగిపోతుంది. ఆ జారుడు చప్పుడే మీరు విన్న టకటక. "దిగింది, ఇక వదులు" అంటోందన్నమాట. వదిలెయ్యండి! డ్రిల్లు బొమ్మ మీద పెడితే క్లచ్ జారదు. మోటారు బలమంతా స్క్రూ తల మీద పడుతుంది. తల తట్టుకుంటే మీ మణికట్టు మెలిపడుతుంది.

కన్నానికి బొమ్మ, స్క్రూకి అంకె. మళ్ళీ చెబుతున్నాను: కన్నానికి బొమ్మ, స్క్రూకి అంకె.

"ఏ అంకె సార్?" అని మాత్రం అడక్కండి. ఒక కంపెనీ 8, ఇంకో కంపెనీ 8 ఒకటి కావు. 3 మీద మొదలుపెట్టండి. తల ఇంకా పైకి ఉండగానే టకటకమంటే ఒక్కో అంకె పెంచండి. తల చెక్కకు సమంగా కూర్చున్నాక మోగిందా, ఆ చెక్కకు, ఆ స్క్రూకు అదే మీ అంకె. టేకుకు మారితే మళ్ళీ వెతుక్కోవాల్సిందే. స్విచ్‌బోర్డు ప్లేటుకైతే నేను డ్రిల్లే ముట్టుకోను. మెయిన్ ఆపి, చేతి స్క్రూడ్రైవరుతో బిగిస్తాను.

పైనున్న గేరు మీట స్క్రూలకు 1 మీదే ఉండాలి. మోటారు ఆగాకే దాన్ని మార్చండి.

తల అరగడానికి ఇంకో కారణం వదులు బిట్టు. మామూలు చెక్క స్క్రూలకు ప్లస్ గుర్తు ఆకారపు మొన ఉన్న 2 నంబరు బిట్టు సరిపోతుంది. గాడిలో కదలకుండా కూర్చోవాలి. మిషనును వెనకనుంచి నిటారుగా నొక్కిపట్టి, ట్రిగ్గరు మెల్లగా లాగండి.

చీలిన ప్లైవుడ్ వాళ్ళకు: ముందు సన్న కన్నం వెయ్యలేదు కదూ? 4 మి.మీ. స్క్రూకి మెత్తని చెక్కలో 2.5, టేకులో 3 మి.మీ. బిట్టు. నేను స్క్రూ మరలకు కాస్త కొవ్వొత్తి కూడా రాస్తాను, నున్నగా దిగుతుంది.

బిట్టు మార్చేటప్పుడు బ్యాటరీ తియ్యడం, కళ్ళద్దాలు పెట్టుకోవడం, చున్నీ, కొంగు మిషనుకు చిక్కకుండా చూసుకోవడం సంగతి మొదటి పాఠంలోనే ఉంది. కొత్తగా ఒకటి చెప్పాలి. జాగ్రత్త కోసం బట్ట గ్లవ్స్ వేసుకున్నామని ఇద్దరు రాశారు. తిరిగే బిట్టుకు ఒక్క దారం చిక్కితే వేలిని కూడా లాగేసుకుంటుంది. తీసెయ్యండి. చిన్న చెక్కముక్కను చేత్తో పట్టుకోకుండా క్లాంపుతో బల్లకు బిగించండి.

అభ్యాసం: పనికిరాని చెక్క మీద 30 స్క్రూలు దించండి. రివర్సులో అన్నీ ఊడదీసి, అవే స్క్రూలను పక్కన కొత్త కన్నాలు వేసి మళ్ళీ దించండి. ఒక్క తల గాడి చెదిరినా మొదటి స్క్రూ నుంచి మళ్ళీ మొదలు. పూర్తయ్యాక వచ్చే పాఠానికి ఒక జత తలుపు బందులు కొని ఉంచండి. ఇత్తడి స్క్రూలు కొంటే అదే సైజు ఉక్కు స్క్రూ ఒకటి కూడా తెచ్చుకోండి. ఇత్తడిది నేరుగా టేకులోకి దించితే మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది, ముందు ఉక్కుదానితో దారి చెయ్యాలి.