సెకండ్ హ్యాండ్ పికప్ మొరాయిస్తే: ముందు ఏం చూడాలి, ఖర్చు ఎందాకా పోతుంది

అనంతపురం యార్డుకు చీనీ కాయలు, కర్నూలుకు ఉల్లిగడ్డలు, కడప నుంచి బండలు తోలిన బండే మన దగ్గర సెకండ్ హ్యాండుకు వస్తుంది. దాని మీద ఎంత బరువు వేశారో అమ్మేవాడు చెప్పడు. మీటరులో కిలోమీటర్లు తక్కువ చూపిస్తున్నాయని సంబరపడొద్దు. ఓవర్‌లోడు గుర్తులు మీటరులో కాదు, బండి కింద దొరుకుతాయి. ఏ సమస్య వచ్చినా చౌకగా తేలే కారణం నుంచి మొదలుపెట్టి ఖరీదైన దాని వైపు వెళ్లాలి. చాలా షెడ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది.

ఎండాకాలం టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

ముల్లు ఎప్పుడు లేస్తోందో ముందు చూడండి. బండి నిలబడి ఉన్నప్పుడో, టౌనులో నెమ్మదిగా పోతున్నప్పుడో లేచి, హైవే ఎక్కగానే దిగితే తప్పు ఫ్యాన్ దగ్గరుంది: బెల్టు వదులు, ఫ్యాన్ క్లచ్ జారడం, కరెంటు ఫ్యాన్ అయితే రిలే లేదా ఫ్యూజు. హైవే మీద లోడుతో లేస్తే రేడియేటర్ మూసుకుపోయింది, లేదా థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు), వాటర్ పంపు సరిగా పనిచేయడం లేదు. రెండు చోట్లా లేస్తుంటే నీళ్లు తగ్గి ఉండాలి, లేదంటే ఇంజన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

రేడియేటర్ బయట మట్టి, బండల పొడి, ఎండిన పురుగులు అతుక్కుంటాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి మామూలు పైపుతో కడగాలి. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగి గాలి దారే మూసుకుపోతుంది. లోపలి మురికికి కారణం మన బోరు నీళ్లు. ఉప్పు నీళ్లు పోసిన కొద్దీ గొట్టాల్లో తెల్లని పెంకు కడుతుంది. ఫ్లష్ చేయించి, కూలెంటు సగం, బ్యాటరీ వాటర్ (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) సగం కలిపి పోయండి. రేడియేటర్ మూత కూడా మార్చేయండి. దాని స్ప్రింగు మెత్తబడితే ఒత్తిడి నిలవదు, నీళ్లు తొందరగా మరుగుతాయి.

"థర్మోస్టాట్ తీసేద్దాం, చల్లగా ఉంటుంది" అనే సలహా వినొద్దు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా బైపాస్‌లోనే తిరిగి, వేడి ఇంకా పెరుగుతుంది.

గ్యాస్కెట్ పరీక్ష పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చేయాలి. రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. మొదట వచ్చే నాలుగు బుడగలు ఇరుక్కున్న గాలే. ఆగకుండా బుడగలు వస్తూనే ఉంటే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి దూరుతోంది. మూత పెట్టి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోసు రాయిలా గట్టిపడినా అదే సంగతి. డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే ఇక బండి నడపొద్దు. హెడ్ దించాక లేత్‌లో ఫేసింగ్, పగుళ్లకు ప్రెషర్ టెస్టు రెండూ చేయించాలి, బోల్టులు టార్క్ రెంచితోనే బిగించాలి. అసలు వేడి ఎందుకెక్కిందో సరిచేయకుండా గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే మళ్లీ పోతుంది. మూత, బెల్టు, థర్మోస్టాట్ దగ్గర పట్టుకుంటే ఖర్చు వందల్లో తేలుతుంది. హెడ్ దాకా పోతే వేలు, బోరుకు (సిలిండర్లు అరిగి ఇంజన్ పని) పోతే లక్ష లెక్క వేసుకోవాలి.

దారిలో ముల్లు ఎర్ర గీత దాటితే పక్కకు ఆపండి. ఆవిరి వస్తున్నా, నీళ్లు కారిపోయినా వెంటనే ఇంజన్ ఆపాలి. కనీసం అరగంట మూత ముట్టుకోవద్దు. కాలుతున్న ఇంజన్ మీద చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది.

పొగ

నల్ల పొగకు భయపడక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్, టర్బో హోసు చిరుగు, ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజన్లోకి పంపేది) మసి, ఇంజెక్టర్లు, ఈ వరుసలో చూసుకోండి. చేల దారుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన గడువుకంటే ముందే నిండుతుంది.

నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి అక్కడే ఉంచండి. కాస్త వణికితే పర్వాలేదు. ఎగిరి పడుతూ, పొగ బుస్సున కొడితే రింగులు అరిగాయి. అలా లేకపోతే టర్బో సీలు, వాల్వు సీళ్లు చూడాలి. కంప్రెషన్ కొలవకుండా "బోరుకొచ్చింది" అని చెప్పే మాటకు డబ్బు కట్టొద్దు. తీపి వాసనతో ఆగని తెల్ల పొగ వస్తే పైన చెప్పిన గ్యాస్కెట్ పరీక్షకు వెళ్లండి.

పొద్దున స్టార్ట్ కావడం లేదు

సెల్ఫ్ నీరసంగా తిరిగితే కరెంటు సమస్య. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. టెర్మినల్ తుప్పు, ఎర్త్ వైరు చూశాకే బ్యాటరీ, డైనమో మాట. సెల్ఫ్ జోరుగా తిరిగినా ఇంజన్ అందుకోకపోతే డీజిల్ లైన్లోకి గాలి చేరిందేమో చూడాలి. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలేసి, చేతి పంపు గట్టిపడేదాకా నొక్కండి. మర్నాటికి మళ్లీ మెత్తబడితే ఎక్కడో పైపు గాలి లాగుతోంది. హీటర్ ప్లగ్గులు పోతే చలికాలం తెల్లవారుజామున ఇబ్బందే. కానీ మే నెలలో స్టార్ట్ కాని బండికి ప్లగ్గులు మార్చమంటే నమ్మొద్దు.

ఇంజన్ అరుస్తోంది, బండి ఎక్కడం లేదు

క్లచ్ జారుతోంది. ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో పెట్టి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు అయిపోయింది. ఒక్కసారి చేస్తే చాలు, పదేపదే చేస్తే ఉన్న ప్లేటూ కాలిపోతుంది. గేరుబాక్సు దించినప్పుడే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపి మార్చి, క్రాంకు వెనక సీలు కారుతోందేమో చూడండి. బేరింగు కోసం మళ్లీ దించితే మజూరీ మొత్తం రెండోసారి కట్టాలి.

వెనక నుంచి శబ్దం, బండి అడ్డంగా నడవడం

గేరు వేయగానే 'టక్' మంటే ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు పోయే రాడ్డు) క్రాసులు, అంటే దాని కీళ్లు. ఒక స్పీడులో ఫ్లోర్ అంతా అదిరితే సెంటర్ బేరింగు. స్పీడుతో పాటు ఊళ వేస్తే వెనక యాక్సిల్ హౌసింగులోని గేర్లు, అంటే క్రౌన్ పినియన్. ఆయిల్ తీసి చూడండి, మెరిసే లోహపు తునకలుంటే ఆయిల్ మార్చినంత మాత్రాన తగ్గదు.

కొనేముందు టేపు తీసుకుని రెండు వైపులా ముందు హబ్ నడిమి నుంచి వెనక హబ్ నడిమికి కొలవండి. తేడా కనిపిస్తే కమాన్ (లీఫ్ స్ప్రింగు) సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగి ఉండొచ్చు. అది సులభంగానే సరవుతుంది. కమాన్‌కు అదనపు పట్టీలు వేసి ఉంటే ఓవర్‌లోడు సంగతి రుజువైనట్టే. కమాన్ బ్రాకెట్లు చాసిస్‌కు కలిసే చోట కొత్త వెల్డింగు, దాని మీద తాజా నల్ల రంగు ఉంటే బేరం ఆపేయండి. కమాన్ పని చేయించుకున్నాక కొన్ని వందల కిలోమీటర్లు లోడుతో తిరిగి, కమాన్‌ను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ-బోల్టులు మళ్లీ బిగించుకోవాలి.

గువ్వలచెరువు ఘాట్‌లో బ్రేకు మెత్తబడింది

పెడల్ స్పాంజిలా ఉంటే ఫ్లూయిడ్‌లో గాలో తేమో చేరింది. రెండేళ్లకోసారి మార్చాలి. వెనక డ్రమ్ము విప్పితే జిగటగా ఉంటే హబ్ సీలు పోయి హౌసింగ్ ఆయిల్ షూల మీదికి వచ్చింది. సీలు, షూలు రెండూ మార్చాలి, ఆయిల్ పట్టిన షూలను తుడిచి వాడొద్దు. ఘాట్ ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగండి, బ్రేకు మీదే కాలు ఉంచితే మంచి షూలు కూడా కాలతాయి.

ఏడాది ఖర్చు, కాగితాలు

డీజిల్ లీటరు 97 రూపాయలు, బండి 12 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 8 రూపాయలు దాటుతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి 2022లో ప్రకటించిన రేటు 16,049 రూపాయలు, జీఎస్టీ అదనం. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు 80 పైసలు ఇన్సూరెన్సుకే పోతుంది. ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, తర్వాత ప్రతి ఏడాదీ చేయించాలి.

లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు, ఆర్సీలో ఆ అంకె చూసుకోండి. ఓవర్‌లోడుకు మోటారు వాహనాల చట్టం ప్రకారం జరిమానా 20,000, పైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. ఆర్సీలో ఫైనాన్సు ఉంటే లోను తీరినట్టు ఫారం 35, పేరు మార్పుకు 29, 30 సంతకాలు డబ్బు ఇచ్చే రోజే తీసుకోండి. బళ్లారి వైపు నుంచి కొంటే ఫారం 28 మీద అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వొద్దు. పాత చలాన్లు కూడా అమ్మేవాడి చేతే కట్టించండి.